టైటానియానా, హెమటైటా? నేను తుప్పు వైపే ఎందుకున్నానంటే

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ఎమ్మెస్సీ అయిపోయి పీహెచ్‌డీలో చేరే పిల్లలు ఈ మధ్య వరసపెట్టి ఇదే అడుగుతున్నారు, "అక్కా, ఎండతో నీళ్ళ నుంచి హైడ్రోజన్ తీసే నానో టాపిక్ ఇచ్చారు, టైటానియా తీసుకోనా హెమటైట్ తీసుకోనా" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి రాసేస్తే నయం కదా. టైటానియా అంటే టైటానియం డయాక్సైడ్, హెమటైట్ అంటే తుప్పు లాంటి ఐరన్ ఆక్సైడ్, రెండూ కాంతి పట్టుకుని నీళ్ళని విడగొట్టడానికి వాడే పదార్థాలే. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను టైటానియా నానోట్యూబులు చేశాను, ఇప్పుడు హెమటైట్ మీద పీహెచ్‌డీ మూడో ఏడు నడుస్తోంది, రెండింటి కష్టమూ తెలుసు.

టైటానియాతో సుఖం ఏటంటే అది మాట వింటుంది. ఇథిలీన్ గ్లైకాల్‌లో కొంచెం అమ్మోనియం ఫ్లోరైడు, కొంచెం నీళ్ళు కలిపి టైటానియం రేకు ముంచి 40, 50 వోల్టులు ఇస్తే సెమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తేనెపట్టులాగ గొట్టాలు వరసగా నిలబడి కనిపిస్తాయి, 450 డిగ్రీల్లో కాలిస్తే అనటేజ్ (టైటానియాలో మనకి కావాల్సిన స్ఫటిక రూపం) వచ్చేస్తుంది, ఈవేళ చేసినా వచ్చే నెల చేసినా దాదాపు అదే శాంపిల్. ఆసిడ్‌లో పెట్టినా క్షారంలో పెట్టినా చెక్కుచెదరదు. టైటానియా మీద కాంతి వేసి నీళ్ళని విడగొట్టొచ్చని 1972లో ఫుజిషిమా, హోండా పేపర్ వచ్చినప్పటి నుంచి దీని మీద ఎంత పని జరిగిందంటే మీకు ఏ డౌట్ వచ్చినా ఎవరో ఒకరు ఎప్పుడో రాసే ఉంటారు. (ఫ్లోరైడ్ దగ్గర మాత్రం గ్లోవ్స్ లేకుండా చెయ్యి పెట్టొద్దు, దయచేసి.)

కానీ దాని బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ని లేపడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే 387 నానోమీటర్ల లోపు కాంతి మాత్రమే పట్టుకుంటుంది, అదంతా అల్ట్రావయొలెట్, ఎండ మొత్తంలో అది 5 శాతం దాకానే ఉంటుంది. మే నెలలో మన దగ్గర మాడు పగిలే ఎండ కాస్తున్నా దానికి అందేది అంతే. ఎంత అందంగా గొట్టాలు కట్టినా ఈ లెక్క మారదు, పూర్తి పర్ఫెక్ట్‌గా పనిచేసినా అనటేజ్‌తో ఎండలో 2 శాతం కూడా హైడ్రోజన్‌గా మారదు. ఇంకోటి, ఫిల్టర్ లేని జినాన్ ల్యాంప్ కింద కొలిస్తే టైటానియా కరెంటు చాలా బాగా కనిపిస్తుంది, ఆ ల్యాంపులో అల్ట్రావయొలెట్ ఎక్కువ కాబట్టి. ఆ గ్రాఫ్ చూసి మోసపోవద్దు, ల్యాంపు కాంతిని ఎండలాగ మార్చే ఏఎమ్ 1.5 ఫిల్టర్ పెట్టి మళ్ళీ కొలవండి.

హెమటైట్ అంటే ఎర్ర ఐరన్ ఆక్సైడే, కళింగపట్నం వైపు ఇళ్ళ కిటికీ ఊచలకి పట్టే తుప్పుకి దగ్గర చుట్టం. గ్యాప్ 2.1 దగ్గర, 590 నానోమీటర్ల వరకు కాంతి తీసుకుంటుంది, కాగితం మీద చదరపు సెంటీమీటరుకి 12.6 మిల్లీయాంపుల కరెంటు రావాలి, ఎండలో 15 శాతం దాకా హైడ్రోజన్‌గా మారాలి. దాన్ని చెయ్యడానికి వాడే ఫెర్రిక్ క్లోరైడు చవక, హెమటైట్ విషం కాదు, సోడియం హైడ్రాక్సైడ్‌లో గట్టిగా నిలబడుతుంది. మరి ఇన్ని మంచి గుణాలుండి ఇంకా ఎందుకు వెనకబడింది?

నన్నడిగితే మొత్తం విషయం ఇక్కడే ఉంది. కాంతి పడ్డాక పుట్టే హోల్ (ఎలక్ట్రాన్ లేచిపోయిన ఖాళీ, నీళ్ళని చేరి ఆక్సిజన్ తియ్యాల్సింది ఇదే) హెమటైట్‌లో 2 నుంచి 4 నానోమీటర్లు నడిచేసరికి ఎలక్ట్రాన్‌తో కలిసిపోయి చచ్చిపోతుంది, కాంతేమో వంద నానోమీటర్లు పైన లోపలికి దిగితే గానీ పూర్తిగా పట్టుబడదు. మా పలాస వైపు వంశధార ఎడమ కాలువ శివారు భూములు చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారు అంటారు, చివరి మడికి చేరేసరికి ఏమీ ఉండదు. దానికి చేసేదేంటి, ప్రతి మడి పక్కకీ బోదె తవ్వుకోవడమే. నానోరాడ్లు, అంటే సన్నటి హెమటైట్ కడ్డీలు, చేసే పని అదే, కాంతి పట్టడానికి పొడవు ఉంచుతూనే హోల్ ఎక్కడ పుట్టినా పక్కనే నీళ్ళు తగిలేలా చెయ్యడం. టైటానియాలో నానో ఉంటే లాభం, హెమటైట్‌లో నానో లేకపోతే అసలు పనే లేదు. మన టాపిక్ పేరులో నానో అన్న మాట ఉన్నప్పుడు ఆ మాట నిజంగా అవసరమైన చోట పని చెయ్యాలని నా కోరిక, నేను ఇటు వచ్చిందే అందుకు.

కష్టం కూడా చెప్పాలి. మొదటి ఆరు నెలలు నా ఫిల్ములు చూడటానికి ఎర్రగా చక్కగా ఉండేవి, 550 డిగ్రీల్లో కాల్చాను, లైట్ వేసినా ఆర్పినా కరెంటు గ్రాఫ్‌లో ఒకటే గీత. రాడ్లు పెంచే ఆటోక్లేవ్ (మూత బిగించి వేడి చేసే ప్రెషర్ పాత్ర) రాత్రంతా ఉంచాల్సి వచ్చేది, మధ్యలో కరెంటు పోయిన రోజు రాడ్లు పొట్టిగా వచ్చేవి, అలాంటి శాంపిల్స్ పారేసి మళ్ళీ మొదలు. తర్వాత 800 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచితే అడుగున ఎఫ్‌టీఓ గాజు (కరెంటు పారే టిన్ ఆక్సైడ్ పూత ఉన్న గాజు) మీదున్న టిన్ పైకి పాకి హెమటైట్‌లో కొంచెం కలిసి, అంటే డోపింగ్ అయి, కరెంటు లేచింది. ఆ రోజు ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నా, లైట్ ఆపుతూ వేస్తూ ఎన్నిసార్లు చూసుకున్నానో. అయితే పది నిమిషాలు దాటితే గాజు వంగిపోతుంది, దాని మీది పూత రెసిస్టెన్స్ పెరుగుతుంది. పైగా హెమటైట్ ఒంటరిగా హైడ్రోజన్ ఇవ్వలేదు, బయట నుంచి కొంత వోల్టేజ్ ఇవ్వాల్సిందే. రాడ్ల మందం 50 నానోమీటర్లున్నా హోల్‌కి అదీ ఎక్కువే, అక్కడే ఇప్పుడు నా తంటా అంతా.

ఇదే పనికి వాడే ఇంకో పదార్థం బిస్మత్ వనడేట్ గురించి కూడా అడిగారు. కరెంటు బాగా ఇస్తుంది, గట్టి క్షారంలో కరిగిపోతుంది, పైన క్యాటలిస్ట్ పూత తప్పనిసరి. జింక్ ఆక్సైడ్ వద్దు, గ్యాప్ టైటానియా అంతే, పైగా లైట్‌లో తనే కరుగుతుంది.

ఏడాదిలో ప్రాజెక్ట్ ముగించాలి, ఫర్నేస్ మామూలుదే అంటే టైటానియా తీసుకోండి, తప్పేం లేదు. నాలుగైదేళ్ళు టైముంది, ఆరు నెలలు ఏమీ రాకపోయినా తట్టుకోగలం, గైడ్ కూడా తట్టుకుంటారు అనుకుంటే హెమటైట్ వైపు రండి. వచ్చే ముందు మీ ఫర్నేస్ 800 వరకు నిజంగా వెళ్తుందో లేదో, రాత్రి కరెంటు పోతే జనరేటర్ ఉందో లేదో ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగి కనుక్కోండి.