నీతి ఆయోగ్ రివ్యూ: లెక్కలు బాగున్నాయి, మాటే చెల్లట్లేదు

గ్రూప్స్ రాసే పిల్లలకు ఎకానమీ చెప్తుంటాను కాబట్టి కేంద్ర ప్రభుత్వానికి విధానాల మీద సలహాలిచ్చే నీతి ఆయోగ్ రిపోర్టులు తరచూ తిరగేస్తుంటాను. మార్కులు ముందే చెప్పేస్తా. లెక్కలకు 5కి 4, అంచనాలకు 2, రాష్ట్రాల తరఫున నిలబడే విషయంలో 1.

వీళ్ల పనిలో నాకు బాగా నచ్చింది బహుముఖ పేదరిక సూచీ, అందరూ ఎంపీఐ అంటారు. మొదటి రిపోర్టు 2021 నవంబరులో, రెండోది 2023 జులైలో వచ్చాయి. మీ ఇంటి ఆదాయం ఎంత అని ఇది అడగదు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలు తీసుకుని పోషణ, బడి, వంట దేంతో చేస్తున్నారు, మరుగుదొడ్డి, కరెంటు, ఇల్లు ఇలా 12 విషయాలు చూస్తుంది. మంచినీళ్లు తెచ్చుకోవడానికి వెళ్లి రావడానికి అరగంట పైన పడితే ఆ ఇంటికి తాగునీరు లేనట్టే లెక్క. ఇలాంటి రూలు పెట్టినవాళ్లు బిందె మోసేవాళ్ల గురించి ఆలోచించారనే నేను నమ్ముతాను. అదే రిపోర్టులో బ్యాంకు ఖాతా రూలు మాత్రం నాకు మింగుడు పడదు, ఇంట్లో ఒక్కరికి ఖాతా ఉంటే చాలట, అందులో రూపాయి ఉందా లేదా అనేది లెక్కలోకే రాదు. ఆ లెక్కల ప్రకారం 2015-16 నుంచి 2019-21కి తెలంగాణలో పేదరికం 13.18 శాతం నుంచి 5.88కి, ఆంధ్రప్రదేశ్‌లో 11.77 నుంచి 6.06కి దిగింది. రాష్ట్రం సగటు చూసి సంతోషపడి ఊరుకోకండి, జిల్లాల పట్టిక చూడండి, అసలు సంగతి అక్కడుంటుంది.

అంచనాల దగ్గరికొస్తే నా నమ్మకం సగానికి పడిపోతుంది. 2024 జనవరిలో, లోక్‌సభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, తొమ్మిదేళ్లలో 24.82 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడ్డారని ఒక పత్రం విడుదల చేశారు. 2022-23 అంకె కొత్త సర్వేతో వచ్చింది కాదు, పాత సర్వేల మధ్య తగ్గిన వేగాన్నే ముందుకు సాగదీసి వేసిన అంచనా. పత్రం లోపల ఆ సంగతి ఉంది, హెడ్డింగుల్లో మాత్రం ఖాయమైన లెక్కలాగే తిరిగింది. సంస్థకు అధ్యక్షుడు ప్రధానమంత్రే అయినప్పుడు ఇలాంటి చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి కదా.

నీళ్ల రిపోర్టు కూడా అంతే. 2018 జూన్‌లో వచ్చిన నీటి నిర్వహణ సూచీలో ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా 21 నగరాల్లో 2020 నాటికే భూగర్భ జలాలు అయిపోతాయని రాశారు. హైదరాబాద్‌లో బోర్ల మీద బతికే కాలనీలవాళ్లకు అది ఎంత టెన్షన్ పెట్టిందో నాకు తెలుసు. 2020 అక్టోబరులో అదే నగరం వరదలో మునిగింది. నీటి ఎద్దడి నిజమే, కాదనను, కానీ అంత పెద్ద మాట అనే ముందు ఆధారం గట్టిగా చూసుకోవాలి.

వెనకబడిన జిల్లాలను ముందుకు తేవడానికి పెట్టిన ఆస్పిరేషనల్ జిల్లాల పథకం మాత్రం మంచి ఆలోచన. 2018లో మొదలైంది, మొత్తం 112 జిల్లాలు, మన దగ్గర అప్పట్లో ఎంపికైనవి ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం, విజయనగరం, విశాఖ, కడప. ఆసిఫాబాద్‌ను హైదరాబాద్ పక్కన నిలబెట్టి చిన్నబుచ్చకుండా, జిల్లా తన పాత స్థాయి నుంచి ఎంత ముందుకొచ్చిందో చూసి ర్యాంకు ఇస్తారు. ర్యాంకు వచ్చేది జిల్లాకే, అంకెలు ఎక్కించేదీ ఎక్కువగా ఆ జిల్లా యంత్రాంగమే. అందుకే బయటివాళ్లతో చేయించే తనిఖీలు ఎంత ఎక్కువైతే అంత మంచిది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే విషయం. తెలంగాణలో ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథకు రూ.19,205 కోట్లు, చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయకు రూ.5,000 కోట్లు ఇవ్వమని నీతి ఆయోగే సిఫారసు చేసింది. ఆ డబ్బు రాలేదు. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ముఖ్యమంత్రులు సభ్యులుగా ఉండే నీతి ఆయోగ్ పాలకమండలి సమావేశానికి వెళ్లనన్నప్పుడు ఇది కూడా ఎత్తి చూపారు. 2024 జులైలో బడ్జెట్‌లో అన్యాయం జరిగిందంటూ రేవంత్ రెడ్డి కూడా వెళ్లలేదు. పార్టీ ఏదైనా బాధ ఒకటే, అక్కడ చెప్పుకుంటే ఏమొస్తుందని.

పాత ప్రణాళికా సంఘం చేతిలో రాష్ట్రాలకు పంచే డబ్బుండేది. 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది, ఆ అధికారం దీనికి రాలేదు. అదే ఏడాది నుంచి వై.వి.రెడ్డి అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం చెప్పినట్టు పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగింది, కాబట్టి పూర్తిగా నష్టమేనని అనలేం. తేడా ఎక్కడంటే, ఆర్థిక సంఘం సిఫారసు చేస్తే దాని మీద ఏం చేశారో కేంద్రం పార్లమెంటు ముందు పెట్టాలి, రాజ్యాంగంలోనే ఉంది. నీతి ఆయోగ్ కేబినెట్ తీర్మానంతో పుట్టింది, దాని సిఫారసు పక్కన పడేస్తే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. నిధులిచ్చే అధికారం ఇవ్వకపోయినా పర్వాలేదు, ఈ ఒక్క రూలు దీనికీ పెడితే నా 1 మార్కును 3 చేస్తాను.

ఇంకో ఫిర్యాదు, నేను చదివిన రిపోర్టుల్లో ఒక్కటీ తెలుగులో లేదు. అయినా ఫ్రీగా దొరుకుతాయి, వాడుకోండి. గ్రూప్స్ పిల్లలైతే 2023 ఎంపీఐతో మొదలుపెట్టండి, ముందుమాటలు వదిలేసి సూచికల నిర్వచనాలు చదివి, తర్వాత మీ జిల్లా వరుసకు వెళ్లండి. లోకల్ రిపోర్టర్లకు కూడా అదే చెప్తాను, జిల్లా సమీక్షా సమావేశానికి వెళ్లేటప్పుడు ఆ పేజీ ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి.