యేల్ ఉచిత బైబిల్ కోర్సులు రెండూ: దేనికి పనికొస్తాయి, ఎక్కడ తడబడతాం

యూనివర్సిటీలో మతం చదవడమంటే పాస్టరు శిక్షణో, పురాణ కాలక్షేపమో అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ అపోహ పోగొట్టుకోవడానికి పైసా ఖర్చు లేని మార్గం, యేల్ విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన ఓపెన్ యేల్ కోర్సెస్. మత అధ్యయనం కింద క్రిస్టీన్ హేస్ చెప్పిన పాత నిబంధన కోర్సు (24 లెక్చర్లు, 2006లో రికార్డయినవి), డేల్ మార్టిన్ చెప్పిన కొత్త నిబంధన కోర్సు (26 లెక్చర్లు, 2009) ఇక్కడ దొరుకుతాయి. పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. వీడియో, ఆడియో, ట్రాన్‌స్క్రిప్ట్ మూడూ ఉన్నాయి. సర్టిఫికెట్ మాత్రం ఇవ్వరు.

ముందుగా హేస్ కోర్సు. దేవుడున్నాడా లేడా అన్న గొడవ ఇందులో ఉండదు. ఈ వచనం ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరికోసం, పక్క దేశాల కథలకూ దీనికీ పోలిక ఏమిటి, ఇదే విచారణ. 3 నుంచి 5 వరకు లెక్చర్లు కోర్సుకు గుండెకాయ. బబులోను సృష్టికథ ఎనూమా ఎలిష్‌తో ఆదికాండాన్ని పోల్చడం, జలప్రళయ కథలో అతుకులు పట్టుకోవడం, జర్మన్ పండితుడు వెల్‌హౌజెన్ పేరుతో ముడిపడిన నాలుగు మూలాల సిద్ధాంతం (బైబిల్ మొదటి ఐదు పుస్తకాలు నాలుగు వేర్వేరు రచనలను కలిపి కుట్టినవన్న వాదన), అన్నీ అక్కడే వస్తాయి. వింటూ పోతే చెవిన పడి జారిపోతాయి. 4వ లెక్చరు ఆపి ఆదికాండం 6 నుంచి 9 అధ్యాయాలు ముందేసుకోండి. ‘దేవుడు’ అన్న వచనాలకు ఒక రంగు, ‘యెహోవా’ అన్నవాటికి ఇంకో రంగు పూయండి. ఒకచోట ప్రతి జాతిలోనూ రెండేసి అంటే, ఇంకోచోట పవిత్ర జంతువులు ఏడేసి జతలు అంటుంది. వాన నలభై రోజులన్న లెక్క ఒకటి, నీళ్లు నూట యాభై రోజులు ప్రబలాయన్న లెక్క మరొకటి. 7:16లో రెండు పేర్లూ ఒకే వచనంలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ పనిలో తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. హేస్ వాడే యూదు ఇంగ్లిష్ అనువాదంలో ఈ రెండో పేరు స్థానంలో ‘ప్రభువు’ అన్న అర్థమిచ్చే మాట ఉంటుంది. మనకు ‘యెహోవా’ అని పేరే కనిపిస్తుంది కాబట్టి అతుకు ఇట్టే దొరుకుతుంది.

అయితే పేరొక్కటే ఆధారమనుకుంటే నిర్గమకాండం దగ్గర దెబ్బతింటారు. 6:3లో ఆ పేరు మోషేకు వెల్లడయ్యాక, అంతవరకూ దాన్ని వాడని యాజక మూలం (ఆ నాలుగింటిలో ఒకటి, యాజకులు రాసిందంటారు) కూడా వాడడం మొదలుపెడుతుంది. అక్కడినుంచి శైలి, పదజాలం, బలుల మీద శ్రద్ధ లాంటి గుర్తులే దిక్కు.

వచన సంఖ్యలతో ఇంకో చిక్కు. యూదుల ముద్రణల్లో కీర్తనల శీర్షికను కూడా వచనంగా లెక్కిస్తారు. అందుకే 51వ కీర్తనలో మన 1వ వచనం వాళ్లకు 3వది. మలాకీ వాళ్లకు 3 అధ్యాయాలు, మనకు 4. హేస్ చెప్పిన వచనం కనిపించకపోతే ఒకటి రెండు అటూఇటూ చూడండి.

ఈ కోర్సులో లోటు, యూదు పండితుడు యెహెజ్కేల్ కౌఫ్‌మన్ మీద మోతాదు మించి ఆధారపడడం. ఇశ్రాయేలు ఏకేశ్వర భావన చుట్టుపక్కల మతాలనుంచి ఒక్కసారిగా తెగిపోయి పుట్టిందని ఆయన వాదన. హేస్ దాన్ని గుడ్డిగా ఒప్పుకోదు గానీ, కోర్సంతా ఆ చట్రంలోనే నడుస్తుంది. సీనాయిలోని తవ్వకాల స్థలం కుంతిల్లెత్ అజ్రుద్‌లో దొరికిన, ‘యెహోవా, అతని అషేరా’ (అషేరా కనానీయుల దేవత) అని ఉన్న శాసనాలను పక్కన పెట్టుకుని వింటే తూకం సరిపోతుంది. మూలాల సిద్ధాంతం కూడా 1970ల నుంచి, ముఖ్యంగా ఐరోపాలో, గట్టి విమర్శకు గురైంది. ఆ చర్చలో ఇటీవలి మలుపులు 2006 నాటి రికార్డింగులో దొరకవు.

మార్టిన్ కోర్సు వినడానికి హాయి. ఆయన తరగతిని నవ్విస్తూ లాక్కుపోతారు. సరుకు మటుకు గట్టిదే. 5వ లెక్చరు ఒక్కటి విన్నా చాలు, చారిత్రక పద్ధతి అంటే ఏమిటో అర్థమవుతుంది. కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు గలతీయులకు రాసిన పత్రికలో (అంటే ఉత్తరంలో) తొలి క్రైస్తవ ప్రచారకుడు పౌలు తన ప్రయాణాల గురించి చెప్పుకున్నది, మరోవైపు అపొస్తలుల కార్యముల 9వ అధ్యాయం రాసుకోండి. పత్రికలో, క్రీస్తును నమ్మాక అరేబియాకు వెళ్లాననీ, మూడేళ్ల తర్వాత యెరూషలేముకు వెళ్లి పదిహేను రోజులుండి, అపొస్తలుల్లో కేఫాను (అంటే పేతురును), యాకోబును తప్ప ఇంకెవర్నీ చూడలేదనీ అంటాడు. కార్యముల్లో అరేబియా ఊసే లేదు, బర్నబా అతణ్ని అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్తాడు. కొత్తవాళ్లు చేసే పొరపాటేమిటంటే, రెంటినీ కలిపి ఒకే కథగా అల్లేయడం. పౌలు పత్రిక స్వయంగా చెప్పిన సాక్ష్యం, కార్యములు తర్వాతి రచన. కాబట్టి తేడా వచ్చినచోట పత్రికకే బరువెక్కువ. అలాగని పౌలు మాట కూడా వాదనలో గెలవడానికి రాసినదేనని మరవకూడదు.

మతాన్ని మొత్తంగా తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఈ రెండూ చాలవు. ఆచారాలు, పండుగలు, నేటి భక్తుల జీవితం వీటిలో చాలా తక్కువ, ఇస్లాం, బౌద్ధం ఊసు దాదాపు లేనట్టే. ఇవి ప్రధానంగా గ్రంథాన్ని చదివే పద్ధతి నేర్పే కోర్సులు.

ఒక్కటే వినే తీరిక ఉంటే హేస్‌ది ఎంచుకోండి, వారానికి రెండు లెక్చర్లకు మించకుండా. ప్రతిదానికీ ముందు ఆ బైబిల్ భాగం చదవడానికి గంట పక్కన పెట్టుకోండి. చదవకుండా వింటే పదో లెక్చరు నాటికి రాజుల పేర్లన్నీ కలగాపులగమైపోతాయి.