శ్రీకాళహస్తిలో చేయించుకున్న కలంకారీ పటం

శ్రీకాళహస్తిలోని ఒక చిన్న కార్యశాలలో మా ఇంటి కోసం గజేంద్రమోక్షం పటం చేయించుకున్నాను; గుడ్డను సిద్ధం చేయడం మొదలు చివరి ఉతుకు దాకా పనిని దగ్గరుండి చూడనిచ్చినందుకు ఆ చిత్రకారునికి ఎంతో రుణపడి ఉన్నాను.

కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెట్టిన నూలు గుడ్డపై ఆయన మొదట చింతబొగ్గుతో రూపురేఖలు గీశారు. ఆ తర్వాత, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టిన వెదురు కలాన్ని, బెల్లం నీటిలో ఇనుప తుక్కును రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కసిమిలో ముంచి గీతలు తీర్చారు. ఉన్నిని వేళ్లతో మెల్లగా నొక్కుతుంటే లేత రంగులో దిగిన గీత, గుడ్డలోని కరక్కాయ వగరు తగిలి కళ్లముందే నల్లబడుతుంది. ఆ ఒక్క దృశ్యానికే నా ప్రయాణం సార్థకమైందనిపించింది. రంగు పక్కకు పాకకుండా ఆపేది పాలలోని కొవ్వేనట.

ఎర్ర రంగు నీటిలో ఉడికించాక, పటికనీరు పూసిన చోట్ల మాత్రమే ఎరుపు నిలిచింది. పసుపు, నీలం చివరన చేరాయి.

వానల వల్ల గుడ్డ ఆరక, చెప్పిన గడువుకు మూడు వారాలు ఆలస్యమైంది. ఆ సంగతి ముందుగా కబురు చేసి ఉండవలసింది. అంచులో ఒకచోట నీలం పలచగా ఉంది. అయినా ఏనుగు కంటి చుట్టూ ఉన్న ముడతల గీతల్లో ఒక్కటి కూడా తడబడలేదు. తొందర లేనివారు నిస్సంకోచంగా చేయించుకోవచ్చు, వేసవిలో అయితే మరీ మంచిది.