డీజిల్ ఫిల్టర్ మార్చాక గాలి తీయడం: ముందే నింపాలా, పంపు కొట్టాలా?

డీజిల్ కారు ఫిల్టర్ ఇంట్లో మార్చడం పెద్ద పనేం కాదు. అసలు టెన్షన్ ఆ తర్వాతే. లైనులో గాలి ఉండిపోతే బండి స్టార్ట్ అవదు.

కొత్త ఫిల్టర్‌ను బిగించే ముందే డీజిల్‌తో నింపేయడం ఒక పద్ధతి. పని త్వరగా తెమిలిపోతుంది, ఇంజిన్ కూడా తొందరగా అందుకుంటుంది. చిక్కల్లా ఒకటే. చాలా స్పిన్-ఆన్ (డబ్బాలా ఉండి, తిప్పి బిగించే) ఫిల్టర్లలో మధ్యనున్న పెద్ద రంధ్రం శుభ్రమైన డీజిల్ బయటికి వెళ్లే దారి. అందులో పోసింది వడపోత లేకుండా నేరుగా హై ప్రెషర్ పంపుకు చేరుతుంది. కామన్ రెయిల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే) ఇంజిన్లలో, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల సందులు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉంటాయి, క్యాన్ అడుగున ఉన్న నలుసు చాలు పాడుచేయడానికి. పోసి తీరాలంటే చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోనే, నిదానంగా పోయాలి.

రెండోది, ఖాళీ ఫిల్టర్ బిగించి చేతి పంపు నొక్కడం. మొదట బుడబుడమంటూ మెత్తగా దిగుతుంది. డీజిల్ నిండేకొద్దీ బిగుసుకుని, చివరికి నొక్కినా కదలదు. బొటనవేలు నొప్పి పుడుతుంది, నిజమే. అయినా కామన్ రెయిల్ బండికి నా ఓటు దీనికే. చేతి పంపు బదులు ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉంటే ఇంకా సుఖం, తాళం ఆన్ చేసి కొన్ని సెకన్లు ఆగి ఆఫ్ చేయడం, అలా నాలుగైదుసార్లు.

ఏ పద్ధతైనా సెల్ఫ్‌ను 10 సెకన్లకు మించి పట్టుకోవద్దు. ఇంజెక్టర్ పైపు నట్లు వదులు చేసి గాలి తీసే పాత అలవాటు మాత్రం కామన్ రెయిల్‌లో వద్దే వద్దు. అక్కడి ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది, చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.