హోల్‌స్టర్ సమీక్ష: తోలు, కైడెక్స్, హైబ్రిడ్ - మూడూ అరిగేదాకా వాడాక

హోల్‌స్టర్, అంటే పిస్టల్‌ను ఒంటి మీద పెట్టుకునే ఒర, కొనేటప్పుడు అందరూ చూసేది పిస్టల్ ఎంత చులాగ్గా బయటికి వస్తోందనే. అసలు పరీక్ష తిరిగి పెట్టేటప్పుడు ఉంటుంది. చొక్కా అంచో, జాకెట్ తాడు చివరి బిళ్లో, మెత్తబడిపోయిన తోలు ముక్కో ట్రిగ్గర్ గార్డ్‌లోకి, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయంలోకి, దూరుతుంది. మనం పైనుంచి నొక్కుతాం. అడ్డుపడ్డ ఆ వస్తువే వేలు చేసే పని చేసేస్తుంది. అందుకే ఈ సమీక్షలో అందానికీ, చప్పుడుకీ మార్కులు లేవు. కొన్నేళ్ల వాడకం తర్వాత కూడా ట్రిగ్గర్ పూర్తిగా కప్పి ఉందా, హోల్‌స్టర్ మూతి విచ్చుకునే ఉందా, బెల్టుకు అంటుకునే ఉందా అన్నవే లెక్క.

ముందు తోలు. ఒంటికి హాయిగా ఉండేది ఇదే, అనుమానం లేదు. చెట్ల బెరడు రసంతో పదును చేసిన మందపాటి ఆవు తోలు, మూతి చుట్టూ లోపల ఉక్కు పట్టీ పెట్టి కుట్టినది తీసుకుంటే ఏళ్ల తరబడి ఆకారం నిలుస్తుంది. గుర్రం తోలు ఇంకా గట్టిది, చెమటను కూడా తక్కువ పీలుస్తుంది. కొత్తలో పిస్టల్ బిగుసుకుపోతే దాన్ని ఖాళీ చేసి, పలచటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి, హోల్‌స్టర్లో ఒక రాత్రి ఉంచితే చాలు. నూనె మాత్రం పట్టించకండి. నూనె తాగిన తోలు మెత్తబడి సాగుతుంది, పట్టు పోతుంది, మళ్లీ బిగించే మార్గం ఉండదు. తోలు పాడయ్యేది మూతి దగ్గరే. పిస్టల్ తీసిన వెంటనే మూతి ముడుచుకుంటోందంటే, లేదా పై అంచు లోపలికి మడత పడుతోందంటే దాని పని అయిపోయినట్టే. ఇంకో మాట: బీరువాలో దాచేటప్పుడు పిస్టల్‌ను తోలు హోల్‌స్టర్లో ఉంచకూడదు. తోలులోని తేమ, పదును చేసిన రసాయనాలు కలిసి ఉక్కుకు తుప్పు పట్టిస్తాయి. నల్లరంగు పూత ఉన్న పాత పిస్టళ్ల మీద ఇది త్వరగా కనిపిస్తుంది.

హైబ్రిడ్, అంటే వెనక వెడల్పాటి తోలు పలక, ముందు ప్లాస్టిక్ చిప్ప. కాగితం మీద రెండింటి మంచీ ఇందులో ఉంది. వాడకంలో రెండింటి చెడూ కలిసొచ్చింది. చిప్ప ఒకవైపే ఉండటంతో, తోలు పలక మెత్తబడేకొద్దీ పిస్టల్ తీయగానే పలక పై అంచు మూతి మీదికి వాలుతుంది. ఒంటి చేత్తో తిరిగి పెట్టడం కుదరదు. అంతకంటే ప్రమాదకరమైనది, వెనకవైపు ట్రిగ్గర్ గార్డ్‌కు మెత్తటి తోలు తప్ప అడ్డు లేకపోవడం. ఈ రకాన్ని ఎవరికీ సిఫారసు చేయను. అన్ని పిస్టళ్లకూ సరిపోతుందని అమ్మే నైలాన్ సంచులు దీనికంటే అధ్వాన్నం. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు; ఇవి అన్ని కత్తులకూ ఒకే ఒర.

ఇక కైడెక్స్. చివరికి నిలిచింది ఇదే. ఇది వేడి చేసి అచ్చు మీద వంచే ప్లాస్టిక్ రేకు. నడుము లోపల పెట్టుకునే వాటికి 0.08 అంగుళం, అంటే సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉండాలి. 0.06 అంగుళం రేకు పలచగా, తేలిగ్గా ఉన్నా స్క్రూ రంధ్రాల దగ్గర, వంపుల దగ్గర ముందుగా చిట్లుతుంది. కొనేముందు అచ్చు పట్టు ఎక్కడుందో చూడండి. పట్టు ట్రిగ్గర్ గార్డ్ దగ్గర ఉండాలి. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) మీద ఖాళీ తూటా బయటపడే కిటికీ అంచునో, ముందు గురినో పట్టుకునేలా అచ్చు పోస్తే ప్రతిసారీ అక్కడే రాసుకుపోతుంది. గురి పోయే గాడి ఎత్తుగా ఉండాలి, రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) ఉంటే దానికీ జాగా వదలాలి. అంచులు సానపెట్టి నున్నగా చేయకపోతే చొక్కాలు చిరుగుతాయి, ఒళ్లు కోసుకుంటుంది. లోపల దుమ్ము చేరితే స్లైడ్ పూత మీద గీతలు పడతాయి, కాబట్టి అప్పుడప్పుడు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. గీతలు అందానికే లోటు, పనికి కాదు. మండుటెండలో మూసి ఉంచిన కారులో మాత్రం వదలకండి, అచ్చు వంగవచ్చు.

కైడెక్స్‌లో చెడేది ప్లాస్టిక్ కంటే దాని స్క్రూలు, క్లిప్పులు. పట్టు సర్దే స్క్రూ కింద రబ్బరు వాషర్ ఉంటుంది. నడిచేటప్పటి కదలికకు స్క్రూ మెల్లగా వదులవుతుంది, రబ్బరు పగుళ్లు విచ్చుతుంది. పట్టు మీకు నచ్చినట్టు సర్దుకున్నాక, తర్వాత విప్పదగిన నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చిన్న చుక్క స్క్రూ మరకు మాత్రమే అద్ది, ఒక రోజు కదపకుండా వదిలేయండి. ఎక్కువైతే తుడిచేయాలి, ఎందుకంటే ఆ ద్రవం కొన్ని ప్లాస్టిక్‌లకు పగుళ్లు తెప్పిస్తుంది. తర్వాత స్క్రూ తల మీదినుంచి పక్కనున్న ప్లాస్టిక్ మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. గీత రెండుగా విడిపోయి కనిపించిందంటే స్క్రూ తిరిగినట్టు. పైసా ఖర్చులేని ఈ గీతను మించిన తనిఖీ నాకు దొరకలేదు. పట్టు మరీ బిగించినా తప్పే: పిస్టల్‌ను గుంజి లాగాల్సి వస్తుంది, అది ఒక్కసారిగా ఊడొచ్చి గొట్టం అడ్డదిడ్డంగా తిరుగుతుంది.

క్లిప్పు బెల్టు కింది అంచును గట్టిగా కొక్కెం వేసి పట్టుకోవాలి. పట్టుకోకపోతే పిస్టల్ తీస్తే హోల్‌స్టర్ కూడా దానితోపాటే చేతికొస్తుంది. ఇక్కడ కొలత ముఖ్యం. 1.5 అంగుళాల బెల్టుకు 1.75 అంగుళాల క్లిప్పు వేస్తే మిగిలిన పావు అంగుళం మేర హోల్‌స్టర్ పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ క్లిప్పు పైన వంపు దగ్గర తెల్లటి చార కనిపిస్తే అది విరగబోతోందని గుర్తు, అప్పుడే మార్చేయండి. స్ప్రింగ్ ఉక్కుతో చేసిన క్లిప్పులు పెట్టడానికీ తీయడానికీ మొండికేస్తాయి, ఆ మొండితనమే మనకు కావలసింది. బెల్టు మెత్తగా ఉంటే ఎంత మంచి హోల్‌స్టరైనా వేలాడుతుంది. లోపల గట్టి పొర ఉన్న బెల్టు అదనపు ఖర్చు అనుకోవద్దు, హోల్‌స్టర్లో సగం అదే.

పొట్ట ముందు పెట్టుకునేవాళ్లు పిస్టల్ కంటే కాస్త పొడుగు హోల్‌స్టర్ ఎంచుకోవచ్చు. గ్లాక్ 19 గొట్టం 4.02 అంగుళాలు, గ్లాక్ 17ది 4.49. గ్లాక్ 17 కోసం చేసిన దాంట్లో గ్లాక్ 19 కూడా కూర్చుంటుంది. కింద మిగిలిన ఆ అర అంగుళం ఒంటికి ఆని, పిడిని లోపలికి వాలుస్తుంది. బట్టల్లోంచి పొడుచుకొచ్చేది పిడే కాబట్టి తేడా కంటికి తెలుస్తుంది. బెల్టుకు ఆనుకుని పిడిని ఒంటివైపు నెట్టే రెక్క, కింద అతికించే స్పాంజి మెత్త, ఇవి రెండూ పనిచేసేవే. పక్కన నడుము మీద పెట్టుకుంటే 10 నుంచి 15 డిగ్రీలు ముందుకు వాలి ఉండాలి, పొట్ట ముందైతే నిటారుగా ఉండటమే మేలు.

టార్చి బిగించిన పిస్టల్‌కు హోల్‌స్టర్ ఎంచేటప్పుడు ఒక మెలిక ఉంది. టార్చి లోపలికి పోవడానికి మూతి వెడల్పుగా ఉండాలి, ఆ వెడల్పు వల్ల ట్రిగ్గర్ గార్డ్ పక్కన సందు మిగులుతుంది. కొన్నింటిలో ఆ సందులో చిటికెన వేలు పడుతుంది. అలాంటిది వద్దు.

పైకి కనపడేలా ధరించేవాళ్లకు రాపిడి పట్టు చాలదు, తాళం ఉండాలి. బొటనవేలితో విప్పే తాళం మంచిది, సఫారీల్యాండ్ కంపెనీ ఏఎల్ఎస్ తాళం ఆ పద్ధతిలోదే. చూపుడు వేలితో మీట నొక్కే రకంలో చిక్కేమిటంటే, కంగారులో వేలు వంచి నొక్కితే పిస్టల్ బయటపడేసరికి ఆ వేలు నేరుగా ట్రిగ్గర్ మీదికి వెళ్తుంది. కొన్ని శిక్షణ కేంద్రాలు వాటిని లోపలికి రానివ్వవు కూడా.

కొత్తది ఇంటికి రాగానే చేయాల్సిన తనిఖీ పది నిమిషాల పని. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, చాంబర్‌ను (గొట్టం వెనక తూటా కూర్చునే చోటును) కంటితోనూ వేలితోనూ చూసి, తూటాలు వేరే గదిలో పెట్టండి. పిస్టల్‌ను హోల్‌స్టర్లో ఉంచి, ట్రిగ్గర్ ఉన్న చోట బయటి నుంచి పెన్నుతో అన్ని వైపులా నొక్కండి. లోపల కదలిక ఉండకూడదు. మంచం మీదుగా తలకిందులు చేసి ఊపండి, జారకూడదు. పిస్టల్ హోల్‌స్టర్లో ఉండగానే మూడు వేళ్లూ పిడి చుట్టూ పూర్తిగా పడుతున్నాయా చూడండి. మ్యాగజైన్ విడిపించే బటన్ ఎక్కడా ఒత్తుకోకూడదు, బొటనవేలితో జరిపే సేఫ్టీ మీట రాపిడికి కిందికి జారకూడదు. ఇదే తనిఖీ నెలకోసారి స్క్రూ గీతలతో పాటు చేయండి.

తిరిగి పెట్టేటప్పుడు చొక్కా పూర్తిగా పైకెత్తి, హోల్‌స్టర్ మూతి వైపు చూస్తూ, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, నెమ్మదిగా పెట్టండి. వెనక బయటికి కనిపించే సుత్తి (హ్యామర్) ఉన్న పిస్టలైతే బొటనవేలు దాని వెనక ఆనించండి. ఎక్కడైనా అడ్డు తగిలితే బలవంతంగా నొక్కకండి. బయటికి తీసి ఏం అడ్డుపడిందో చూడండి.