కర్ర మేడ డిజైన్: ఐదుకి మూడు స్టార్లు

బెంగళూరులో మాకొక 30×40 సైటుంది. కింద నా బేకరీ, మధ్యలో అద్దెకి ఆఫీసు, పైన మా ఇల్లు. కర్రతో కట్టిద్దామని బుద్ధి పుట్టి, మాస్ టింబర్ (కర్ర ముక్కలు అతికించి చేసిన పెద్ద దూలాలు, పలకలతో కట్టే పద్ధతి) డిజైన్ చేసే కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాను. పేరు చెప్పను. మదనపల్లెలో నలభై ఏళ్లు అడితి నడిపిన మా నాన్నని వెంటబెట్టుకెళ్లడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని.

ముందు అమెరికాలోని మిల్వాకీలో 2022లో పూర్తయిన 25 అంతస్తుల కర్ర మేడ అసెంట్ ఫొటోలు చూపించారు. నాన్న కళ్లద్దాలు సర్దుకుని "కింద కాంక్రీటు మాదిరి ఉందే?" అన్నాడు. నిజమే, కింది ఆరంతస్తులు కాంక్రీటే. మాకూ అలాగే గీశారు: బేకరీ అంతస్తు కాంక్రీటు, పైవన్నీ కర్ర. చెదల భయానికి అదే మేలు.

నిప్పు సంగతి మాత్రం చక్కగా విప్పి చెప్పారు. మందపాటి దూలం నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్లు చొప్పున బొగ్గవుతుందట, ఆ బొగ్గే లోపలి కర్రని కాపాడుతుందట. గంటకి నాలుగు సెంటీమీటర్ల లోపే. బరువు మోయడానికి కావాల్సిన సైజుకి ఆ మందం అదనంగా కలిపారు. వేడికి ఇనుము మెత్తబడుతుంది కాబట్టి అతుకుల ప్లేట్లని దూలం లోపలే దాచారు. నాన్న తలూపాడు. ఆయన తలూపడం అరుదు.

స్లాబుకి బదులు, పలకల్ని పొర మీద పొర అడ్డంగా, నిలువుగా అంటించిన సీఎల్‌టీ. కాంక్రీటులో ఐదో వంతు బరువు. పునాది ఖర్చు తగ్గుతుంది గానీ, తేలిక నేల నడిస్తే అదురుతుంది. మా పిల్లలు గెంతితే కింద ఆఫీసువాళ్ల గతేంటని నేనడిగాకే రబ్బరు షీటు, దానిపైన ఐదు సెంటీమీటర్ల కాంక్రీటు వచ్చాయి.

అసలు గొడవ బాత్రూం. డ్రాయింగులో ఒక గడి, అంతే! మనం బకెట్లతో కుమ్మరించుకునే రకం. "నాయనా, నిప్పుకు పోయిన దూలాలు రెండో మూడో చూసినా. నీళ్లకు పోయినవైతే లెక్కే లేదు" అన్నాడు నాన్న. కన్సల్టెంట్ అబ్బాయి నోట్ చేసుకున్నాడు. మూడోసారికి గానీ వాలు, వాటర్‌ప్రూఫింగ్, తలుపు తీసి చూసుకునేలా పైపుల సందు రాలేదు. మామూలు డిజైన్‌కి రెట్టింపు ఫీజు తీసుకుని ఇది మేం చెప్పాలా?

వెళ్లేవాళ్లు బాత్రూం డ్రాయింగు చేతికొచ్చాకే చివరి వాయిదా కట్టండి. శాంపిల్‌గా ఇచ్చిన ముక్కని నాన్న బకెట్లో నానేశాడు. తొమ్మిది రోజులైంది, ఇంకా తీయనివ్వడు.