జ్ఞానదంతం: నొప్పి రాకముందే తీయించడమా, వచ్చాక చూసుకోవడమా?

అమెరికా ప్రయాణాల కాలం దగ్గరపడేసరికి ఏటా నాలుగైదు ఇళ్ళ నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. వీసా చేతికొచ్చింది, టికెట్టు కొన్నారు, పెట్టెలో ఆవకాయ ఎన్ని కిలోలు పడుతుందో తూకం వేసి చూసుకుంటున్నారు. ఎందుకైనా మంచిదని పళ్ళు చూపించుకోవడానికి వెళ్ళిన పిల్లవాడికి డాక్టరు, రెండు దవడల పళ్ళన్నీ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించి, కింది జ్ఞానదంతాలు రెండూ ఒరిగి ఉన్నాయి, తీయించుకుని వెళ్తే మేలని చెప్పి పంపారు. పిల్లవాడికి నొప్పి లేదు, వాపు లేదు. నొప్పి లేని పన్ను పీకించడమేమిటని నాయనమ్మ అంటుంది. అక్కడికి వెళ్ళాక అర్ధరాత్రి దవడ వాస్తే దిక్కెవరని తల్లి అడుగుతుంది. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల విద్యార్థి ఆరోగ్యబీమాలో పెద్దల పళ్ళ వైద్యం కలిసి ఉండదు, విడిగా కొనుక్కోవాలి కాబట్టి, తల్లి భయాన్ని ఉత్త భయమని కొట్టిపారేయలేము.

ఈ ప్రశ్న నా దగ్గరకు రావడానికి కారణం నేను దంతవైద్యం చదవడం కాదు. మా ఇంట్లో రెండు దారులూ నడిచి చూసినవాళ్ళం ఉండడమే. నొప్పి వచ్చినప్పుడు చూద్దాంలెమ్మని వాయిదా వేసి నేను 43వ ఏట తీయించుకున్నాను. మా అమ్మాయి 20వ ఏట, చెప్పుకోదగ్గ బాధ ఏదీ లేనప్పుడే తీయించుకుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా మొగ్గు ఎటో త్వరలోనే బయటపడుతుంది గనుక, ముందుగా అవతలి పక్షం వాదన చెప్పడం న్యాయం.

ఆ వాదన తేలికైనది కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యసేవకు మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2000లో, ఏ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయవద్దని స్పష్టంగా చెప్పింది. చిగురు వాపు ఒక్కసారి వచ్చినంత మాత్రాన, అది మరీ తీవ్రమైనదైతే తప్ప, పన్ను తీయనక్కరలేదని, రెండోసారి కూడా వస్తే అప్పుడు ఆలోచించాలని ఆ సూత్రం. అమెరికాలో ఆచారం దీనికి దాదాపు విరుద్ధం. అక్కడ కాలేజీ వయసులోనే నాలుగూ తీయించేయడం మామూలు విషయం. ఏ బాధా పెట్టని పన్నును తీయాలా ఉంచాలా అన్నదానిపై జరిగిన పరిశోధనలన్నింటినీ వడపోసిన కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష కూడా, ఎటూ తేల్చి చెప్పడానికి తగిన ఆధారం లేదన్నది. జ్ఞానదంతాలు వెనక నుంచి నెట్టడం వల్ల ముందుపళ్ళు వంకరపోతాయన్న మాట మన దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది గానీ దానికి గట్టి రుజువు లేదు. ఆ ఒక్క కారణం చెప్పి పీకిస్తామంటే మాత్రం మీరు ఒప్పుకోనక్కరలేదు.

అలాగే తీయించడంలో ఉన్న అసలు ప్రమాదాన్ని దాచిపెట్టకూడదు. కింది దవడ ఎముక లోపల ఒక సన్నని కాలువ ఉంటుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం అందులో నడుస్తుంది. జ్ఞానదంతం వేళ్ళు ఆ కాలువకు ఆనుకుని ఉంటే, తీసేటప్పుడు నరం నలిగి పెదవి ఒక పక్క మొద్దుబారవచ్చు. ఇది వందలో కొద్దిమందికే జరుగుతుంది, వారిలోనూ చాలామందికి వారాల్లోనో నెలల్లోనో స్పర్శ తిరిగి వస్తుంది; శాశ్వతంగా ఉండిపోయేది వందకు ఒకరి కన్నా తక్కువ. అయినా ఆ ఒక్కరు మనమే అయితే లెక్కలు ఓదార్చవు. ఓపీజీలో కాలువ అంచున కనిపించే తెల్లని గీత వేరు దగ్గర తెగిపోయినట్టున్నా, వేరు మీద నల్లని నీడ అడ్డంగా పడినా డాక్టరు సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించమంటారు. అది వృథా ఖర్చని అనుకోవద్దు.

ఇంతవరకు చదివితే, వేచి ఉండడమే తెలివైన పనిలా కనిపిస్తుంది. నా అభిప్రాయం మారిన చోటు ఇకముందు ఉంది.

జ్ఞానదంతం మూడు స్థితుల్లో ఒకదానిలో ఉంటుంది. నిటారుగా పూర్తిగా బయటకు వచ్చి, మిగతా దవడ పళ్ళలా నమిలే పని చేస్తూ ఉండవచ్చు. అలాంటిదాన్ని తీయించే ఆలోచనే అనవసరం. పూర్తిగా ఎముకలోనే కూరుకుపోయి, నోటితో ఏ సంబంధమూ లేకుండా నిద్రపోతూ ఉండవచ్చు. దానిని కూడా నేనైతే కదపను, రెండు మూడేళ్ళకొకసారి ఎక్స్‌రేలో చూసుకుంటే చాలు. మూడోది సగం వచ్చి ఆగిపోయిన పన్ను. ఒక మూల మాత్రం చిగురును చీల్చుకుని బయటకు తొంగిచూస్తుంది, మిగిలినది చిగురు మడత కింద ఉంటుంది. ఏది మేలన్న ప్రశ్నకు నిజంగా అర్థమున్నది ఈ మూడోదాని విషయంలోనే. దానికి నేను అడిగే పరీక్ష ఒకటే: ఆ పన్ను మీదికి, దాని ముందున్న పన్ను వెనక భాగానికి మీ బ్రష్ చేరుతోందా? చిన్నపిల్లల బ్రష్ ఒకటి కొని, పడుకునే ముందు నోరు సగమే తెరిచి, బుగ్గ వదులుగా ఉంచి చివరి దాకా పోనివ్వండి. తోమాక బ్రష్‌ను కడగకుండా వాసన చూడండి. ఎన్ని రోజులు శ్రద్ధగా తోమినా ఆ దుర్వాసన పోకపోతే, అక్కడికి మీ బ్రష్ చేరడం లేదనుకోవచ్చు.

నా విషయంలో జరిగింది ఇదే. కుడివైపు కింది జ్ఞానదంతం ముందుకు ఒరిగి, పక్కనున్న దవడ పంటి నడుముకు తల ఆనించి ఉండేది. వేరుశనగ పలుకు ముక్కో, గోంగూర పీచో ఆ మడత కిందికి పోయిందంటే రెండు రోజుల్లో చిగురు ఉబ్బేది, మూడో రోజుకు నోట్లోకి రెండు వేళ్ళు కూడా పట్టేవి కావు, అన్నం ముద్ద చిదిమి చిదిమి లోపలికి తోసుకోవాల్సి వచ్చేది. నాలుగేళ్ళలో ఇలా మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ వీధి చివర మందుల దుకాణంలో ఐదు రోజుల యాంటీబయాటిక్ కొనుక్కుని మింగాను, మూడుసార్లూ తగ్గింది. తగ్గిన ప్రతిసారీ పన్ను మంచిదైపోయిందనే అనుకున్నాను. ఒకసారి వెళ్ళిన క్లినిక్‌లో కూడా ఎక్స్‌రే అడగకుండా మాత్రలే రాసిచ్చారు, నేనూ సంతోషంగా తెచ్చుకున్నాను. మాత్రలు వాపును అణుస్తాయి గానీ మడతను తీసివేయవు, ఒరిగిన పన్నును నిలబెట్టవు.

చివరికి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది జ్ఞానదంతం కాదు, దాని పక్కపన్ను. చల్లటి మజ్జిగ తగిలితే జివ్వుమనేది. ఎక్స్‌రే తీస్తే, జ్ఞానదంతం తల ఆనిన చోటే, చిగురు అంచుకు కాస్త కింద, ఆ దవడ పంటి వెనక భాగంలో గోరుతో గిల్లినంత నల్లని మచ్చ కనిపించింది. నాలుగేళ్ళుగా అక్కడ ఇరుక్కున్న తిండి పని చేసుకుంటూ పోయింది. పుచ్చు నరం దాకా వెళ్ళింది. ఏ పాపమూ ఎరుగని, రోజూ నమిలిపెట్టే పన్నుకు రూట్ కెనాల్, దాని మీద క్యాప్. జ్ఞానదంతం పోతే నాకు నష్టమేమీ లేదు, అది ఏనాడూ నమిలింది లేదు. పక్కపన్ను పోతే ఆ వైపు నమలడమే పోతుంది. అందువల్ల ఈ తూకంలో నేను అందరికన్నా ఎక్కువ బరువు వేసేది ఆ పక్కపన్ను వైపే. బ్రిటన్‌లోనూ 2000 తరువాత జ్ఞానదంతాలు తీయించుకునేవారి సగటు వయసు ఇరవైల నుంచి ముప్పైలలోకి జరగడం, పక్కపన్ను పుచ్చిపోవడం వల్ల తీయించుకునేవారు పెరగడం అక్కడి వైద్యులు గమనించి రాశారు.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇరవై ఏళ్ళ ప్రాంతంలో పంటి వేళ్ళు ఇంకా పూర్తిగా సాగి ఉండవు, చుట్టూ ఉన్న ఎముకలో మెత్తదనం ఉంటుంది. నలభై దాటాక ఎముక గట్టిపడుతుంది, పన్ను దానిలో బిగుసుకుపోతుంది. నాది తీయడానికి గంటా పది నిమిషాలు పట్టింది. చిగురు విప్పి, ఎముకను డ్రిల్‌తో కొంత తొలిచి, పన్నును మూడు ముక్కలు చేసి తీశారు. స్టీలు ట్రేలో ఆ ముక్కలు చూపించినప్పుడు ఒక వేరు చివర చేపల గాలంలా వంగి ఉంది. మా అమ్మాయికి ఇరవై నిమిషాల్లో పన్ను చెక్కుచెదరకుండా వచ్చింది. దాని వేళ్ళ చివరలు ఇంకా మూసుకోనేలేదు. ఆమె నాలుగో రోజున కాలేజీకి వెళ్ళింది. నా బుగ్గ వాపు వారం దాకా తగ్గలేదు, నోరు పూర్తిగా తెరుచుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. ఇద్దరి అనుభవం లోకానికంతటికీ లెక్క కాదు, నిజమే. కానీ వయసు పెరిగేకొద్దీ ఈ శస్త్రచికిత్స కష్టమవుతుందన్నది వైద్యులందరూ ఒప్పుకునే మాటే.

నాలుగూ ఒకేసారా, రెండేసి చొప్పునా అంటే, సూదిమందు ఇచ్చి మొద్దుబార్చి తీసే పద్ధతిలో ఒక వైపు పైదీ కిందిదీ ముందు, మూడు నాలుగు వారాల తరువాత రెండో వైపు తీయించడం నాకు నచ్చింది. రెండో బుగ్గతో పెరుగన్నమైనా నమలవచ్చు. పూర్తి మత్తు ఇచ్చి తీయించేటప్పుడు నాలుగూ ఒక్కసారే ముగించడం సబబు. అయితే మామూలు కేసుకు పూర్తి మత్తు అక్కరలేదు. కింది పన్ను తీయించాక పైదానికి జత ఉండదు కాబట్టి అది కిందికి జారి చిగురును గుచ్చవచ్చు; అందుకే రెండూ కలిపి తీయమంటారు. పై పన్ను పీకిస్తే చూపు పోతుందని మా అత్తగారు ఇప్పటికీ నమ్ముతారు. కంటి నరానికీ ఆ పంటికీ ఏ సంబంధమూ లేదు.

ఎవరి దగ్గర అన్నదానికి ఎక్కువ చెప్పనవసరం లేదు. నిటారుగా ఉన్న పై పన్నును ఏ దంతవైద్యుడైనా తీస్తారు. ఒరిగిన కింది పన్నుకు ఓరల్ సర్జరీలో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసినవారి దగ్గరకు వెళ్ళండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో ఈ విభాగం ఉంది. వరుసలో నిలబడే ఓపిక ఉంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

మధ్యేమార్గాలు కొన్ని ఉన్నాయి. చిగురు మడతను మాత్రం కోసి తీసేయడం ఒకటి. ఒరిగిన పంటి మీద అది తరచు మళ్ళీ పెరుగుతుంది. పంటి తల కోసి, వేళ్ళను ఎముకలోనే వదిలేయడం మరొకటి. వేరు నరానికి అతుక్కున్నట్టు స్కాన్‌లో తేలినవారికి అది మంచిదే, తక్కినవారికి పనిలేదు. లవంగ నూనె దూది ఆ రాత్రి గడపడానికే.

ప్రయాణం ఉన్నవారు మాత్రం తేదీల లెక్క వేసుకోవాలి. వాపు రెండో మూడో రోజున ఎక్కువగా ఉంటుంది, కుట్లు వారానికి విప్పుతారు. తీయించిన మూడు నాలుగు రోజులకు, అంతా సర్దుకుందనుకునేసరికి, గుంటలోని రక్తపు గడ్డ ఊడిపోయి, చెవి దాకా పాకే నొప్పి రావచ్చు. పొగ తాగేవారికి, మొదటి రోజే పుక్కిలించి ఉమ్మేవారికి, స్ట్రాతో పీల్చి తాగేవారికి ఆ బెడద ఎక్కువ. మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళి మందు పెట్టించుకుంటే నొప్పి తగ్గుతుంది, కానీ విమానంలో ఉంటే వెళ్ళలేరు. పై పంటి వేళ్ళు ముక్కు పక్క ఎముకలో ఉండే గాలి గదికి (సైనస్) దగ్గరగా ఉంటాయి కనుక పచ్చి గాయంతో విమానం ఎక్కడం కూడా మంచిది కాదు. రెండో వైపు పని ముగిశాక కనీసం మూడు వారాలు చేతిలో ఉండేలా చూసుకోండి. అంత వ్యవధి లేకపోతే, ఇప్పటికి బాధ పెట్టని పన్నును కదపకుండా వెళ్ళి, తరువాతి సెలవులకు వచ్చినప్పుడు తీయించుకోవడమే నయం.

ఈ ఏడు అడిగినవారిలో మా పక్కింటి పిన్నిగారి అబ్బాయి ఒకడు. ప్రయాణానికి ఐదు వారాలుంది. ఎడమ కిందిది సగం వచ్చి ఒరిగింది, బ్రష్ చేరడం లేదు. కుడి కిందిది పూర్తిగా ఎముకలో ఉంది. ఎడమవైపు రెండూ ఈ వారమే తీయించమని, కుడివైపువి అలాగే ఉండనివ్వమని అన్నాను. సర్జన్ కూడా అదే చెప్పారట. ఆ ఓపీజీ ఫిల్మును మడిచి సూట్‌కేసులో పెట్టబోతుంటే వద్దని, దాని ఫైలును ఫోనులోకి ఎక్కించుకొమ్మని చెప్పి వచ్చాను.